తండ్రికి రాని ఫిట్స్ కూతురికి ఎలా వచ్చాయి?

మీ ప్రశ్న – జువాలజీ మేడమ్ జవాబు (పర్లాకిమిడి నుంచి)

ఈ నెల ఉత్తరాలు చాలా వరకు వాట్సాప్‌లోనే వచ్చాయి. కాగితం మీద రాసి పోస్టులో వేసినవి రెండే. మూడు ప్రశ్నలు తీసుకున్నాను. అందులో ఒకటి వేయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించి, రాసినాయన్ని అడిగి, పేరూ ఊరూ తీసేసి వేస్తున్నాను. చోటంతా దానికే పోతుంది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మగవాళ్ళకు మాత్రమే ఉండే మెదడు జీన్ ఒకటి ఉందట. చింపాంజీలకు కూడా లేదట. మా క్లాసులో అబ్బాయిలు అది పట్టుకుని మమ్మల్ని ఏడిపిస్తున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం

సగం నిజం. ఆ సగం కూడా మీ అబ్బాయిలకు పనికొచ్చేది కాదు.

ఆ జీన్ పేరు ప్రోటోక్యాడ్‌హెరిన్ 11. జీన్లు ఉండే పోగులను క్రోమోజోమ్‌లంటారు, వాటిలో ఆడా మగా తేల్చేవి ఎక్స్, వై. చింపాంజీలకు ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మన దారీ చింపాంజీల దారీ వేరయ్యాక, మన పూర్వీకుల్లో ఎవరిలోనో ఎక్స్‌లోని పెద్ద ముక్క ఒకటి కాపీ అయి, వెళ్ళి వై మీద అతుక్కుంది. ఆ ముక్కతో పాటు ఈ జీన్ కూడా వెళ్ళింది. అందుకని మగవాడికి ఎక్స్ మీద ఒకటి, వై మీద ఒకటి ఉంటాయి. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌ల మీద రెండు. అంటే ఇద్దరికీ రెండేసి. వాళ్ళ దగ్గర ఉన్నది జిరాక్స్ అనీ, ఒరిజినల్ మీ దగ్గరే ఉందనీ రేపు క్లాసులో చెప్పు.

మనిషికి మాట రావడానికీ, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకూ ఈ జంట జీన్‌తో సంబంధం ఉందని టిమ్ క్రో అనే ఇంగ్లండు సైకియాట్రిస్టు చాలా ఏళ్ళు వాదించారు. ఆలోచన ముచ్చటగానే ఉంది. గట్టి రుజువే దొరకలేదు. ఇది మెదడు కణాల పై పొరలో ఉండి, పక్క కణాన్ని ఆనవాలు పట్టే ప్రోటీన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలోనే ఇంకొకరి కథ కింద ఉంది. అది చదువు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మాది గజపతి జిల్లాలో పల్లె, మా వియ్యాలవారిది శ్రీకాకుళం జిల్లా. మా మనవరాలికి తొమ్మిదో నెలలో జ్వరం తగిలి ఫిట్స్ వచ్చాయి. ఒకే రోజు ఏడుసార్లు. ఇప్పుడు మూడేళ్ళు. నెలా రెండు నెలలు బాగుంటుంది, జ్వరం వస్తే మళ్ళీ వరసపెట్టి వస్తాయి. మా ఇంట్లో ఎవరికీ మూర్ఛ లేదు. కోడలి మేనమామకు చిన్నప్పుడు వచ్చేవని తెలిసి, అటువైపు నుంచే వచ్చిందని మా ఇంటావిడా నేనూ కోడలిని అనకూడని మాటలు అన్నాం. మొన్న జీన్ టెస్టు చేయిస్తే పీసీడీహెచ్ 19 అనే జీన్‌లో తేడా ఉందనీ, అది మా అబ్బాయి నుంచే వచ్చిందనీ రాశారు. మా వాడికి పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫిట్ రాలేదు. రిపోర్టు తారుమారై ఉంటుందా? రెండో బిడ్డ సంగతి ఏమిటి?
– పేరు వద్దన్నారు

అన్నయ్యగారూ, ఉత్తరంతో పాటు మీరు పంపిన నోట్‌బుక్ పేజీల ఫొటోల దగ్గర మొదలుపెడతాను. మీ కోడలు రాసిన లెక్క. రూళ్ళ నోట్‌బుక్, మార్జిన్‌లో తేదీ. "ఉదయం 6.10. భయపడ్డట్టు గట్టిగా అరిచింది. కళ్ళు పైకి. 1 నిమిషం. 7.45. మళ్ళీ అరుపు. చేతులు బిగుసుకున్నాయి. 2 నిమిషాలు. 9.20..." అలా రాత్రి పదకొండు దాకా తొమ్మిది వరసలు. ఆ పక్కన జ్వరం ఎంతుందో. ఒకచోట పెన్ను జారి గీత పేజీ చివరిదాకా పోయింది, అప్పుడు పిల్లని పట్టుకోవడానికి లేచి ఉంటుంది. ముప్పై ఏళ్ళు పిల్లల ల్యాబ్ రికార్డులు దిద్దాను. ఇంత శుభ్రమైన పరిశీలన చూసింది తక్కువ.

ఈ జబ్బు గుర్తులన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. ఏడాది నిండే ముందో వెనకో మొదలవుతుంది. జ్వరం దీన్ని రేపుతుంది. వచ్చిందంటే ఒకటి కాదు, గుంపుగా వస్తాయి. ఒక్కొక్కటీ చిన్నదే. చాలామంది పిల్లలు ఫిట్ మొదట్లో భయపడ్డట్టు అరుస్తారు. మధ్యలో వారాలూ నెలలూ ఏమీ ఉండదు. వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లలకే.

తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడు కాబట్టి రిపోర్టు తప్పని మీరు అంటున్నారు. ఈ జబ్బులో తండ్రి ఆరోగ్యంగా ఉండడమే మామూలు. మీకొచ్చిన అనుమానం సహజమే. ఎక్స్ క్రోమోజోమ్ జబ్బులంటే మనకు తెలిసినవి హీమోఫీలియా, రంగులు తెలియకపోవడం లాంటివి. వాటిలో తల్లి బాగానే ఉంటుంది, కొడుకు బాధపడతాడు. కొడుక్కి ఉన్నది ఒకే ఎక్స్, అది పాడైతే అరువిచ్చే రెండోది లేదు. ఇక్కడ కథ తిరగబడింది. ఉన్న ఒక్క జీనూ పనిచేయని మగవాడు దర్జాగా తిరుగుతున్నాడు. రెండింటిలో ఒకటి మంచిది ఉన్న ఆడపిల్ల కింద పడుతోంది.

ఎందుకో తెలియాలంటే ఆ ప్రోటీన్ చేసే పని చూడాలి. 1907లో విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త సముద్రపు స్పాంజిని సన్నటి పట్టు గుడ్డలోంచి పిండాడు. మనం చింతపండు పిండినట్టే అనుకోండి. కణాలు విడివిడిగా నీళ్ళలో పడ్డాయి. కాసేపటికి అవే పాకుతూ, ఒకదాన్నొకటి పట్టుకుని, మళ్ళీ స్పాంజిగా కూడుకున్నాయి. చూడ్డానికి కళ్ళు లేవు, అడగడానికి నోరు లేదు. తాకి తెలుసుకోవడమే. మన ఒంట్లో కణాలు ఇలా తాకి పట్టుకోవడానికి వాడే ప్రోటీన్లలో ఒక పెద్ద కుటుంబానికి జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి క్యాడ్‌హెరిన్ అని పేరు పెట్టాడు. క్యాల్షియం ఉంటేనే పట్టు ఉంటుంది కాబట్టి ఆ మాటనూ, అంటుకోవడం అనే మాటనూ కలిపి కట్టిన పేరు.

మీ మనవరాలి రిపోర్టులో పీసీడీహెచ్ 19 అని పొట్టిగా రాసిన ప్రోటోక్యాడ్‌హెరిన్ 19 ఆ కుటుంబంలోదే. కణం బయటికి ఆరు కణుపుల చెరుకు గడలా పొడుచుకుని ఉంటుంది. కణుపూ కణుపూ కలిసే చోట క్యాల్షియం కూర్చుని గడను నిటారుగా నిలబెడుతుంది. ఎదుటి కణం మీద కూడా అదే గడ ఉంటే రెండూ తలకిందులుగా ఒకదానికొకటి ఆనుకుంటాయి. నువ్వూ నేనూ ఒకటే అన్న ఆనవాలు అది. బిడ్డ కడుపులో ఉండగా మెదడు కణాలు పుట్టిన చోటే ఉండిపోవు. తమ స్థానానికి ప్రయాణం చేసి, అక్కడ ఎవరి పక్కన ఉండాలో, ఎవరితో కలవాలో తేల్చుకుంటాయి. ఆ తేల్చుకోవడంలో ఈ గడలకు పని ఉంటుంది.

ఇక రెండో సంగతి. కాలేజీలో ఉండగా ఏటా ఒక ప్రాక్టికల్ చేయించేదాన్ని. ఐస్‌క్రీం పుల్లతో చెంప లోపల మెల్లగా గీరి, స్లైడ్ మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టడం. అబ్బాయిల స్లైడ్లలో కణం నడుమ గుండ్రటి కేంద్రకం, అంతే. అమ్మాయిల స్లైడ్లలో కొన్ని కణాల్లో ఆ కేంద్రకం అంచుకు ఆనుకుని ముదురు చుక్క ఒకటి, ఆవగింజ అంటించినట్టు కనిపించేది. బార్ బాడీ అంటారు. 1949లో ముర్రే బార్, బెర్ట్రామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని ఆడ పిల్లుల నరాల కణాల్లో మొదట చూశారు. ఆ చుక్క నోరు మూసుకుని ముడుచుకున్న రెండో ఎక్స్. ఆడపిల్ల తల్లి కడుపులో కొద్ది కణాల ముద్దగా ఉన్నప్పుడే, ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుందని 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ చెప్పింది. ఒక కణం తండ్రి ఇచ్చినదాన్ని మూస్తుంది, పక్క కణం తల్లి ఇచ్చినదాన్ని. బొమ్మా బొరుసే. ఒకసారి మూశాక ఆ కణానికి పుట్టే కణాలన్నీ అదే పాటిస్తాయి. అందుకని ప్రతి ఆడమనిషీ రెండు రకాల కణాల అతుకుల బొంత. నేనూ అంతే, మీ ఇంటావిడా అంతే.

ఇప్పుడు ఈ రెండూ కలపండి. మీ అబ్బాయి మెదడులో ఏ కణం మీదా పనిచేసే 19 గడ లేదు. అందరికీ లేదు కాబట్టి అందరూ ఒకటే. ఇదే కుటుంబంలోని మిగతా గడలతో సర్దుకుపోయాయి. మీ కోడలి మెదడులో అన్ని కణాల మీదా ఉంది. అక్కడా గొడవ లేదు. మీ మనవరాలి మెదడులో సగం కణాలకు ఉంది, సగానికి లేదు. గడ ఉన్నవి ఒక జట్టు, లేనివి ఒక జట్టు. కలిసి అల్లుకోవాల్సినవి విడిపోయి, ఎక్కడికక్కడ మడులు కట్టుకుంటాయి. అలాంటి చోట కరెంటు వరస తప్పితే, అదే ఫిట్.

మన ప్రాంతం వాళ్ళకు చిన్న రైలు చెబితే చాలు. 1900 నుంచి నౌపడా – పర్లాకిమిడి మధ్య, తరవాత గుణుపురం దాకా, రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలు నడిచింది. గుణుపురం నుంచి నౌపడా దాకా ఏ ఇబ్బందీ లేదు. నౌపడా నుంచి విశాఖ దాకా అయిదున్నర అడుగుల పెద్ద లైను, అక్కడా ఇబ్బంది లేదు. తంటా అంతా నౌపడా ప్లాట్‌ఫారం మీదే. మా నాన్న బియ్యం మూట నెత్తిన, నేను చెంబూ ఫ్లాస్కూ పట్టుకుని ఈ రైలు దిగి ఆ రైలుకు పరుగెత్తేవాళ్ళం. చిన్న పట్టాల తప్పు కాదు, పెద్ద పట్టాల తప్పూ కాదు, రెండూ ఒకచోట కలవడమే బాధ. తరవాత ఈ లైను మొత్తం మార్చి పెద్దది వేశాక ఆ పరుగులు పోయాయి. మార్చకుండా అటువైపు కూడా చిన్నదే ఉన్నా పరుగులు ఉండేవి కావు. మీ అబ్బాయిది అలా మొత్తం చిన్న లైను.

శాస్త్రవేత్తలకు కూడా ఇది ఒక్కరోజులో తట్టలేదు. జుబెర్గ్, హెల్‌మన్ అనే అమెరికా డాక్టర్లు 1971లోనే ఒక కుటుంబం గురించి రాశారు. ఆడపిల్లలకు మాత్రమే ఫిట్స్, అది చేరవేసేది ఆరోగ్యంగా ఉన్న తండ్రులు. ఏ జీనో తేలింది 2008లో. ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులకు ఇదే జబ్బుతో ఒక అబ్బాయి కనిపించాడు. మగవాడికి రాకూడదు కదా అని తరచి చూస్తే, వాడి ఒంట్లో కొన్ని కణాల్లో జీన్ ఉంది, కొన్నిట్లో లేదు. తల్లి కడుపులో పడ్డాక జరిగిన మార్పు. అంటే ఆడా మగా అన్నది కాదు లెక్క, కలగాపులగమా కాదా అన్నదే. 2018లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ బృందం ఎలుకల్లో చూపించింది. సగం కణాలకు ఆ ప్రోటీన్ ఉంటే మెదడులో చారలు చారలుగా విడిపోయాయి. మిగిలిన సగంలో కూడా తీసేస్తే చారలు పోయి మామూలుగా కలిశాయి. ఉన్న మంచి జీన్ కూడా తీసేస్తే మెదడు అమరిక కుదురుకుందని చదివినప్పుడు, నాకు చదివిందే మళ్ళీ చదవాల్సి వచ్చింది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మీ అబ్బాయికి ఎక్స్ ఇచ్చింది మీరు కాదు. మీరు ఇచ్చింది వై. ఎక్స్ వాళ్ళమ్మది. ఆగండి, ఇది చదివి ఇప్పుడు ఆవిడ మీద పడకండి. ఆ తేడా ఆవిడ దగ్గర ఉండి ఉండవచ్చు, తేడా ఉన్నా ఫిట్స్ రాని ఆడవాళ్ళు కొందరు ఉంటారు. లేదా మీ అబ్బాయితోనే కొత్తగా మొదలై ఉండవచ్చు, ఈ జబ్బులో అలా కొత్తగా పుట్టే తేడాలు చాలా ఉన్నాయి. టెస్టు చేస్తే తెలుస్తుంది. మీకు కూతుళ్ళు ఉంటే, వాళ్ళకు పిల్లలు పుట్టబోతుంటే, అందుకోసం చేయించండి. ఇంట్లో వేలు చూపించుకోవడానికైతే ఆ డబ్బు పిల్ల మందులకు ఉంచండి. కోడలి మేనమామకు వచ్చినవాటికీ దీనికీ సంబంధం లేదు. ఆ మాట మీ నోటితోనే, మీ వియ్యాలవారి ఎదుట, మీ కోడలికి చెప్పండి.

రెండో బిడ్డ. కొడుకు పుడితే తండ్రి నుంచి వై వెళ్తుంది, ఈ ఎక్స్ వెళ్ళదు. కాబట్టి ఈ తేడా రాదు. కూతురు పుడితే తండ్రికి ఉన్న ఒకే ఎక్స్ వెళ్తుంది, తేడా తప్పకుండా వస్తుంది. కానీ తేడా రావడం వేరు, జబ్బు రావడం వేరు. ఎక్కువమందికి వస్తుంది, కొందరికి రాదు, వచ్చినా ఒకే ఇంట్లో అక్కకు ఒకలా చెల్లికి ఒకలా ఉంటుంది. ముందుగా చెప్పగలిగే పరీక్ష లేదు. ఇది చదివి ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నారని చాటుగా స్కానింగుకి పోకండి. ఆడో మగో చెప్పడం 1994 చట్టం కింద నేరం. ఎక్స్ క్రోమోజోమ్ జబ్బుల కోసం పరీక్షలు చేయడానికి అదే చట్టంలో దారి ఉంది, అయితే అది రిజిస్టరైన కేంద్రంలో, జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకున్నాకే. బరంపురమో విశాఖో వెళ్ళి గర్భం దాల్చకముందే భార్యాభర్తలిద్దరూ మాట్లాడితే నయం. ఇద్దరూ అంటే వాళ్ళిద్దరే. మీరు బయట బెంచీ మీద కూర్చోండి.

జబ్బును కుదుటపరిచే మందు ఇంకా లేదు. ఫిట్స్ తగ్గించే మందులు ఉన్నాయి. ఏది పిల్లకు పడుతుందో పిల్లల న్యూరాలజిస్టు చూడాలి. బాగుంది కదా అని మధ్యలో ఆపకండి. పెద్దమనిషి అయ్యే వయసు దగ్గరపడేసరికి చాలామంది పిల్లల్లో ఫిట్స్ పలచబడతాయి. చదువు, మాట, నలుగురిలో కలవడం ఇవి కొందరికి వెనకబడతాయి, కొందరు మామూలుగానే చదువుకుంటారు. ఫిట్స్ తగ్గేదాకా ఆగుదాం అనుకోకుండా మాటలు ఎలా వస్తున్నాయో ఇప్పటి నుంచే చూపించండి.

జ్వరం రాగానే ఏం చేయాలో, ఎంత మోతాదో ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించి గోడకు అంటించండి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి వద్దు, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు, నోట్లో చెంచా అసలే వద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ మళ్ళీ వస్తున్నా బండి కట్టించండి, తెల్లారేదాకా చూడకండి. ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్ళండి. అయిపోయే పేజీలు కనిపించాయి, ఇంకొకటి కొనిపెట్టండి.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో తెలుపు, నలుపు, నారింజ మూడు రంగుల పిల్లి ఉంది. మూడు రంగులుంటే ఆడపిల్లే అని మా అమ్మమ్మ అంటుంది. ఎందుకు? మగది ఉండదా?
– ఏడో తరగతి విద్యార్థి, గుణుపురం

మీ అమ్మమ్మ చెప్పింది దాదాపు ఎప్పుడూ నిజమే. నారింజ రంగు జీన్ ఎక్స్ మీద ఉంటుంది. అదేమిటో 2025లో జపాన్, అమెరికా బృందాలు వేరువేరుగా పట్టుకున్నాయి. ఒక ఎక్స్ నారింజ, ఒక ఎక్స్ నలుపు ఉన్న ఆడపిల్లిలో ఏ కణాలు ఏది మూసుకున్నాయో ఆ మచ్చలే నీకు ఒంటి మీద కనిపిస్తున్నాయి. తెలుపు వేరే జీన్ పని. పై జవాబులో మెదడు గురించి చెప్పిన బొంత మీ పిల్లి వీపు మీద బయటికే ఉంది. మగపిల్లికి ఒకే ఎక్స్ కాబట్టి నారింజో నలుపో ఒకటే వస్తుంది. అరుదుగా రెండు ఎక్స్‌లూ ఒక వైతో పుట్టే మగపిల్లులు ఉంటాయి, వాటికి మూడు రంగులూ రావచ్చు, పిల్లలు మాత్రం సాధారణంగా పుట్టవు. నాకు ఇంతవరకు ఒక్కటీ తారసపడలేదు. మీ వీధిలో కనబడితే ఫొటో పంపు, వెనకవైపు నుంచి కూడా తియ్యి.